బేరార్ అమానత్ కోసం రోమ్, పారిస్, లండన్: మొదటి సాలార్‌జంగ్ యూరప్ ప్రయాణం

కోడేరు, కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ వైపు నుంచి సెలవుల్లో హైదరాబాద్ వచ్చే కుటుంబాలు చార్మినార్, మక్కా మసీదు చూసుకున్నాక మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక పూట గడుపుతాయి. పిల్లలేమో గంట కొట్టే గడియారం దగ్గరికి పరుగెత్తుతారు. పెద్దవాళ్ళు మాత్రం ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి విగ్రహం ముందు ఆగిపోతారు. రాతిని చెక్కి అంత పల్చటి మేలిముసుగు ఎలా చేశారో, ఆ ముసుగు వెనక ముఖం ఎలా కనిపిస్తోందో అర్థంకాక ముక్కున వేలేసుకుంటారు.

ఆ విగ్రహం 1876లో రోమ్ నగరం నుంచి వచ్చింది. తెచ్చింది నవాబ్ మీర్ తురాబ్ అలీ ఖాన్. చరిత్ర ఆయన్ని మొదటి సాలార్‌జంగ్ అంటుంది. ముప్పై ఏళ్ళ పాటు హైదరాబాద్ రాజ్యానికి దివాన్‌గా ఉన్న మనిషి. ఆ ఏడాది ఆయన సముద్రం దాటింది విగ్రహాలు కొనడానికి కాదు. చేజారిన ఒక ముల్కు గురించి, అంటే బేరార్ గురించి, లండన్‌లో మాట్లాడదామని బయలుదేరారు. దారిలో రాజులు పలకరించారు, దోస్తులు విందులిచ్చారు, విశ్వవిద్యాలయం పట్టా ఇచ్చింది. అడగడానికి వెళ్ళింది మాత్రం దొరకలేదు. అంత మర్యాద జరిగి కూడా ఖాళీ చేతులతో ఎందుకు రావాల్సి వచ్చిందో తెలియాలంటే ఆయన జీవితాన్ని మొదటినుంచీ చూడాలి.

ఇరవై నాలుగేళ్ళ దివాన్

తురాబ్ అలీ 1829లో పుట్టారు. వంశం పెద్దది. చెరువు పేరులో ఇప్పటికీ వినిపించే మీర్ ఆలం, ఆయన అల్లుడు మునీరుల్ముల్క్, ఇద్దరూ నిజాం దివాన్లే. మునీరుల్ముల్క్ మనవడే తురాబ్ అలీ. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తాత కూడా కొద్ది కాలానికే కన్నుమూశారు. ఆ తర్వాత పిల్లవాడి బాగోగులు తండ్రి సోదరుడు సిరాజుల్ముల్క్ చూసుకున్నారు. ఫార్సీ, అరబీ చదువుతో పాటు కొంత ఇంగ్లిష్ కూడా ఒంటబట్టింది. ఇరవై ఏళ్ళు నిండకముందే తెలంగాణలో కొన్ని తాలూకాల వసూళ్ళు చూసే తాలూక్‌దారుగా పనిచేశారు. రైతు దగ్గర్నుంచి ఖజానా దాకా రూపాయి ఎలా ప్రయాణిస్తుందో, మధ్యలో ఎక్కడెక్కడ మాయమవుతుందో అక్కడే తెలిసింది.

1853లో సిరాజుల్ముల్క్ దివాన్‌గా ఉన్నారు. ఆ ఏడాది మే 21న గవర్నర్ జనరల్ డల్హౌసీ ఒత్తిడి మీద నిజాం నాసిరుద్దౌలా ఒక ఒప్పందం మీద మొహరు వేయాల్సి వచ్చింది. కొద్ది రోజులకే సిరాజుల్ముల్క్ కన్నుమూశారు. ఆయన కుర్చీలో కూర్చున్నది ఇరవై నాలుగేళ్ళ తురాబ్ అలీ. కొత్త దివాన్ చేతికి వచ్చింది ఖాళీ ఖజానా. జీతాలు అందని సిపాయిలు, అప్పు కింద తాలూకాలను తాకట్టు పెట్టించుకున్న సాహుకార్లు, అరబ్బు జమేదార్లు చుట్టూ ఉన్నారు. వీటన్నింటికీ తోడు ఆ ఒప్పందం.

బేరార్ ఎలా పోయింది

బేరార్ అంటే ఇవాళ్టి మహారాష్ట్రలోని అమరావతి, అకోలా, బుల్ఢాణా, యవత్మాళ్, వాషిం ప్రాంతం. నల్లరేగడి నేల, పత్తి పంట. నిజాం రాజ్యంలో బంగారం లాంటి ఇలాఖా అది. అది పోవడానికి కారణం ఒక ఫౌజు. నిజాం రక్షణ కోసమంటూ ఇంగ్లిష్ అధికారుల కింద హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యం ఉండేది. దాని మీద పెత్తనం ఇంగ్లిష్ వారిది, ఖర్చు నిజాంది. ఆ జీతాలు ఏటేటా బకాయి పడ్డాయి. బకాయిని కంపెనీ అప్పుగా రాసుకుంది, దానికి వడ్డీ కట్టింది. చివరికి ఆ అప్పు, ముందుముందు అయ్యే జీతాల ఖర్చు చూపించి బేరార్‌తో పాటు రాయచూరు దోఆబ్, ధారాశివ్ ప్రాంతాల వసూళ్ళను తన చేతిలోకి తీసుకుంది. నేల నిజాందే, నిర్వహణ మాత్రం కంపెనీది అన్నట్టు కాగితం రాసుకున్నారు.

కాగితం మీద ఆ నేల ఒక అమానత్. ఒకరి సొమ్ము మరొకరి దగ్గర భద్రంగా ఉంచడం. అమానత్ ఉంచుకున్నవాడు అడిగినప్పుడు తిరిగి ఇవ్వాలని ముసల్మాన్ ఇంట్లో ప్రతి పిల్లవాడికీ నేర్పుతారు. సాలార్‌జంగ్ బేరార్ గురించి జీవితమంతా చేసిన వాదన కూడా దాదాపు ఇదే.

1857: ఎవరి వైపు?

ఆయన జీవితంలో ఇప్పటికీ వాదం తెగని ఘట్టం 1857. ఆ మే నెలలోనే నాసిరుద్దౌలా చనిపోయి, అఫ్జలుద్దౌలా గద్దెనెక్కారు. ఢిల్లీ తిరుగుబాటు వార్తలు హైదరాబాద్ చేరాయి. నగరంలో ఆవేశం పెరిగింది. జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు కోఠీలోని రెసిడెన్సీ మీద దాడికి దిగారు. సాలార్‌జంగ్ ముందే రెసిడెంట్‌కు కబురు పంపారు. దాడి విఫలమైంది. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడి, తప్పించుకుని, 1859లో తూప్రాన్ దగ్గర ప్రాణాలు విడిచారు. మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపితే అక్కడే కన్నుమూశారు.

ఇవాళ కోఠీలో తుర్రేబాజ్ ఖాన్ పేరుతో రోడ్డు ఉంది. ఆ పేరు వినగానే సాలార్‌జంగ్ మీద కోపం వచ్చేవాళ్ళు ఉన్నారు. అప్పుడూ ఉన్నారు. 1859లో రెసిడెంట్‌తో కలిసి దర్బారు నుంచి బయటికి వస్తుండగా ఆయన మీద దాడి జరిగింది. 1868లో ఈద్ దర్బారుకు వెళ్తుండగా మళ్ళీ కాల్పులు జరిగాయి. రెండుసార్లూ బతికిపోయారు. ఢిల్లీకి, లక్నోకు పట్టిన గతి హైదరాబాద్‌కు పట్టకూడదనేది ఆయన లెక్క. రాజ్యం నిలిచింది. దానికి నగరంలో కొందరు ప్రాణాలతో మూల్యం కట్టారు. ఈ రెండు మాటలూ నిజమే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచడం ఆయనకూ న్యాయం కాదు, తుర్రేబాజ్ ఖాన్‌కూ న్యాయం కాదు.

ఆ సహాయానికి ప్రతిఫలంగా 1860లో కొత్త ఒప్పందం జరిగింది. 50 లక్షల రూపాయల అప్పు మాఫీ అయింది. రాయచూరు దోఆబ్, ధారాశివ్ వెనక్కి వచ్చాయి. షోరాపూర్ కూడా నిజాంకు దక్కింది. బేరార్ మాత్రం ఇంగ్లిష్ వారి దగ్గరే ఉండిపోయింది. ఖర్చులు పోగా మిగిలింది నిజాంకు ఇస్తామన్నారు గాని, లెక్కలు అడిగే హక్కు లేకుండా చేశారు. కొన్నాళ్ళకు అమెరికా అంతర్యుద్ధం వచ్చి బేరార్ పత్తికి గిరాకీ పెరిగింది. దాంతో ఆ నేలను వదులుకోవాలన్న ఆలోచన ఇంగ్లిష్ వారికి ఇంకా దూరమైంది.

కోడేరు దాకా వచ్చిన మార్పు

బేరార్ గురించి పోరాడుతూనే చేతిలో ఉన్న రాజ్యాన్ని సర్దుకునే పని పెట్టుకున్నారు. అంతకుముందు తాలూకాలను వేలం వేసేవాళ్ళు. ఎక్కువ పాడినవాడు వసూళ్ళు చేసుకునేవాడు. వాడికి రైతు బాగోగులతో పనేముంది? సాలార్‌జంగ్ ఆ గుత్తేదార్లను ఒక్కొక్కరినీ తప్పించారు. 1865లో జిలాబందీ చేశారు. రాజ్యాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా విడగొట్టి, జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారును, తాలూకాకు తహసీల్దారును, నెల జీతం మీద పెట్టారు. పోలీసు, అదాలతు, తాలీమ్ శాఖలు ఒక పద్ధతిలోకి వచ్చాయి.

పాలమూరు వైపు వనపర్తి, గద్వాల, జటప్రోలు సంస్థానాలు నిజాంకు పేష్కష్ చెల్లిస్తూ తమ పాలన తాము సాగించుకున్నాయి. వాటి పక్కనే ఉన్న దివానీ గ్రామాలు ఈ కొత్త ఏర్పాటు కిందికి వచ్చాయి. ఇవాళ కోడేరులో ఎవరైనా భూమి కాగితం పట్టుకుని తహసీల్దార్ ఆఫీసుకు వెళ్తే ఆ మాటలు, ఆ మెట్లు చాలావరకు ఆ రోజుల్లో స్థిరపడినవే. జిల్లా, తాలూకా, తహసీల్, గిర్దావర్ అనే మాటలు తెలుగు రైతు నోట తెలుగు మాటలైపోయాయి.

చదువు విషయంలో దారుల్‌ఉలూమ్ మద్రసా ఆయన హయాంలోనే మొదలైంది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా రైలు వచ్చింది. దాంతో హైదరాబాద్‌కు బొంబాయి రైలుదారితో సంబంధం కలిసింది. అంతవరకు ఎడ్లబండ్ల మీద, పల్లకీల మీద రోజుల తరబడి సాగిన ప్రయాణం చాలా తగ్గిపోయింది.

ఇంత చేస్తున్నా సొంత స్వేచ్ఛ మాత్రం తక్కువే. నిజాం అఫ్జలుద్దౌలాకు దివాన్ మీద అనుమానం. ఆ నిజాం బతికి ఉన్నంతకాలం సాలార్‌జంగ్ నగరం దాటాలన్నా, రెసిడెన్సీకి వెళ్ళాలన్నా ఇజాజత్ తీసుకోవాల్సి వచ్చేది. సొంత దేవిడీలోనే దాదాపు బందీలా గడిపారు. 1869లో అఫ్జలుద్దౌలా చనిపోయారు. గద్దెనెక్కిన మహబూబ్ అలీ ఖాన్‌కు అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు. సాలార్‌జంగ్, షమ్సుల్ ఉమ్రా ఖాందాన్‌కు చెందిన అమీరె కబీర్, ఇద్దరూ కలిసి సంరక్షకులయ్యారు. అంటే ఇంకో అమానత్ ఆయన చేతికి వచ్చింది. ఈసారి ఒక పసివాడి రాజ్యం.

దోస్తీ మొదలైన చోటు

పిల్లవాడు పెద్దవాడయ్యేలోగా బేరార్‌ను తిరిగి తెచ్చి అతని చేతిలో పెట్టాలన్నది సాలార్‌జంగ్ పట్టుదల. 1872 నుంచి ఉత్తరం మీద ఉత్తరం రాశారు. ఫౌజు జీతాల కోసమే కదా బేరార్ పెట్టుకున్నారు, దానికి సరిపడా నగదు పూచీగా జమ చేస్తాం, నేల వదలండి అన్నది ఆయన ప్రతిపాదన. కలకత్తా ప్రభుత్వం ఒప్పుకోలేదు.

ఇంతలో 1875లో విక్టోరియా రాణి పెద్ద కొడుకు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ హిందుస్తాన్ వచ్చాడు. బాల నిజాంను బొంబాయికి తీసుకొచ్చి స్వాగతం పలకాలని ఇంగ్లిష్ అధికారులు పట్టుబట్టారు. పిల్లవాడి ఆరోగ్యం బాగోలేదని సాలార్‌జంగ్ అడ్డుపడ్డారు. ఉత్తరాల్లో మాటలు వేడెక్కాయి. చివరికి పిల్లవాడి బదులు ఆయనే వెళ్ళి ప్రిన్స్‌ను కలిశారు.

ప్రిన్స్ పరివారంలో సదర్లాండ్ డ్యూక్ ఒకరు. బ్రిటన్‌లో ఆయనకున్నంత భూమి ఇంకెవరికీ లేదు. పది లక్షల ఎకరాలకు పైమాటే. రైళ్ళంటే ప్రాణం. సొంత డబ్బుతో సొంత ఎస్టేటులో రైలుదారి వేయించుకున్న మనిషి. అప్పుడే రాజ్యానికి రైలు తెచ్చిన దివాన్‌తో ఆయనకు పరిచయం కలిసింది. పరిచయం దోస్తీ అయింది. తమ దేశం రమ్మని డ్యూక్ పిలిచారు. కలకత్తాలో మూసుకున్న తలుపు లండన్‌లో తెరుచుకుంటుందేమోనని సాలార్‌జంగ్ ఆ పిలుపు అందుకున్నారు.

రోమ్: ఒకే ఊళ్ళో ఇద్దరు

1876 ఏప్రిల్‌లో బొంబాయి రేవులో ఓడ ఎక్కారు. వెంట హైదరాబాద్ ఉమ్రావులు, నౌకర్లు, ఆంతరంగిక కార్యదర్శి సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ ఉన్నారు. తర్వాతి కాలంలో ఇమాదుల్‌ముల్క్‌గా పేరుపొందిన పండితుడు ఈయనే. సూయజ్ కాలువ తెరిచి అప్పటికి ఏడేళ్ళే. అంతకుముందు ఆఫ్రికా ఖండమంతా చుట్టి వెళ్ళాల్సిన ఓడలు ఇప్పుడు ఎర్రసముద్రం మీదుగా నేరుగా మధ్యధరా సముద్రంలోకి వెళ్తున్నాయి.

మొదట ఇటలీ. రోమ్‌లో ఆయన్ని రాజు విక్టర్ ఇమాన్యుయేల్ కలిశాడు, పోప్ తొమ్మిదో పయస్ కూడా కలిశాడు. ఇది చెప్పుకున్నంత మామూలు విషయం కాదు. వందల ఏళ్ళు రోమ్ చుట్టుపక్కల ముల్కును పోప్‌లే ఏలారు. 1870లో ఇటలీ సైన్యం వచ్చి దాన్ని పట్టుకుంది. పోప్‌ల పాత మహల్‌లో రాజు కాపురం పెట్టాడు. పోప్ వాటికన్ గోడల లోపలికి వెళ్ళి, ఆ దెబ్బను ఒప్పుకోనని కూర్చున్నాడు. ఒకే ఊళ్ళో ఉన్న ఆ ఇద్దరి మధ్య రాకపోకలు లేవు. దక్కను నుంచి వచ్చిన ఒక ముసల్మాన్ దివాన్ మాత్రం ఇద్దరి గుమ్మాలూ తొక్కి వచ్చారు. నేల పోగొట్టుకున్న పెద్దాయన బాధ ఏమిటో బేరార్ దివాన్‌కు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

రెబెక్కా విగ్రహం కొన్నది ఆ రోజుల్లోనే. చెక్కిన శిల్పి జొవాన్ని మరియా బెంజోనీ అప్పటికి మూడేళ్ళ కిందటే చనిపోయాడు. రెబెక్కా అంటే హజ్రత్ ఇస్‌హాక్ (అలైహిస్సలాం) సతీమణి, హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) తల్లి. పెళ్ళికూతురిగా ప్రయాణం చేసి వస్తూ, దూరాన కాబోయే భర్తను చూసి ఆమె ముసుగు కప్పుకుందని యూదుల, క్రైస్తవుల గ్రంథాల్లో ఉంది. ఆ క్షణాన్నే శిల్పి రాతిలో పట్టుకున్నాడు. పాశ్చాత్య నగరంలో అన్ని విగ్రహాల మధ్య సాలార్‌జంగ్ చూపు ఆగింది ముసుగు వేసుకున్న ఒక ప్రవక్త ఇంటి కోడలి మీద.

పారిస్: మెట్ల మీద జారిన కాలు

రోమ్ తర్వాత పారిస్. ఆ నగరానికీ గాయం మానలేదు. ఆరేళ్ళ కిందట జర్మన్లతో జరిగిన యుద్ధంలో ఫ్రాన్సు ఓడిపోయి అల్సాస్‌ను, లొరేన్‌లో కొంత భాగాన్ని పోగొట్టుకుంది. నగరం మధ్యలో తుయిలరీ రాజమహల్ 1871లో కాలిపోయి మొండిగోడలతో నిలబడి ఉంది. దానికి కొంచెం దూరంలోనే కొత్తగా తెరిచిన ఒపేరా భవనం ధగధగలాడుతోంది. ఆ ఒపేరా పక్కన ఉన్నదే గ్రాండ్ హోటల్, అప్పట్లో యూరప్‌లోని పెద్ద హోటళ్ళలో ఒకటి. నవాబ్ గారి బస అక్కడే.

అక్కడే మెట్లు దిగుతూ జారిపడ్డారు. తొడ ఎముక విరిగింది. ఇవాళైతే ఆపరేషన్ చేసి, లోపల రాడ్డు వేసి, కొద్ది రోజుల్లోనే కర్ర పట్టించి నడిపిస్తారు. 1876లో తొడ ఎముక విరగడమంటే కట్లు కట్టి, కదలకుండా వారాల తరబడి పడుకోబెట్టడమే. ఎక్స్‌రే అప్పటికి పుట్టనే లేదు. పరాయి దేశం, పరాయి భాష, కదల్లేని కాలు. ఇంకొకరైతే అక్కడ్నుంచే వెనక్కి మళ్ళేవారు. ఆయన మళ్ళలేదు. అడగాల్సిన మాట ఇంకా అడగలేదు. నడవలేని స్థితిలోనే సముద్రం దాటించుకుని జూన్ మొదట్లో ఇంగ్లండ్ చేరారు.

లండన్: తెరిచిన తలుపులు, తెరవని తలుపు

లండన్ ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. పత్రికల్లో ఆయన పేరు మోగింది. 1857లో దక్షిణాదిని తమ వైపు నిలిపిన మనిషిగా జనం చూడడానికి వచ్చారు. ప్రిన్స్ ఆఫ్ వేల్స్ విందు ఇచ్చాడు. విక్టోరియా రాణి దర్శనం దొరికింది. సదర్లాండ్ డ్యూక్ తన దోస్తును ఏ లోటూ రాకుండా చూసుకున్నారు. జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. జూలైలో లండన్ నగరం తన గౌరవ పౌరసత్వం ఇచ్చి సత్కరించింది. బిల్గ్రామీకి కూడా ఆ దేశపు పెద్ద రాజనీతిజ్ఞులతో, పండితులతో పరిచయాలు ఏర్పడ్డాయి. ఇంగ్లిష్ వారి మర్యాదలు తెలిసిన, అత్తరు వాసనతో తెల్లటి సాదా దుస్తుల్లో మృదువుగా మాట్లాడే నవాబు వారికి బాగా నచ్చాడు.

బేరార్ మాట వచ్చేసరికి కథ వేరు. హిందుస్తాన్ వ్యవహారాలు చూసే మంత్రి లార్డ్ సాలిస్‌బరీ. అడిగేది ఏదైనా ఉంటే కలకత్తాలోని వైస్రాయ్ ద్వారానే రావాలన్నది అక్కడి పద్ధతి. కలకత్తా ఎప్పుడో కాదన్నది కదా! కలకత్తా పొమ్మంటే లండన్ వచ్చారు, లండన్ మళ్ళీ కలకత్తా దారి చూపించింది. అదే ఏప్రిల్‌లో వైస్రాయ్‌గా వచ్చిన లార్డ్ లిట్టన్‌కు ఇంకో అనుమానం పట్టుకుంది. ఒక దేశీ రాజ్యపు దివాన్‌కు లండన్‌లో ఇంత పలుకుబడి ఏర్పడితే, రేపు ప్రతి నవాబూ, ప్రతి రాజా తన తల మీదుగా రాణి దగ్గరికి పరుగెత్తుతారన్నది ఆయన భయం. విందుల వల్ల పని జరుగుతుందనుకుంటే, ఆ విందులే ఎదురు తిరిగాయి.

డ్యూకుల దోస్తీలో మోసం లేదు. వాళ్ళు మనసారా పిలిచారు, మనసారా పెట్టారు. కాకపోతే దోస్తు ఇంట్లో భోజనం పెట్టగలడు గాని, తన సర్కారు చేతిలో ఉన్న పత్తి నేలను తీసి ఇవ్వలేడు. ఆ తేడా సాలార్‌జంగ్‌కు లండన్‌లో తెలిసొచ్చింది. అయినా ఎవరి మీదా నోరు పారేసుకోలేదు. ఎలా వెళ్ళారో అలాగే హుందాగా బయలుదేరి హైదరాబాద్ చేరుకున్నారు.

తిరిగొచ్చాక

వచ్చేసరికి ఇంటి దగ్గర ఇంకో కష్టం కాచుకుని ఉంది. 1876లో దక్కనులో వానలు ముఖం చాటేశాయి. తెలుగువాళ్ళు ధాత కరువుగా చెప్పుకునే మహా కరువు అది. మద్రాసు, మైసూరు, బొంబాయి ఇలాఖాల్లో లక్షల మంది ఆకలితో చనిపోయారు. నిజాం రాజ్యమూ దాని దెబ్బ తిన్నది. జిలాబందీతో ఏర్పడిన తాలూక్‌దార్లు, తహసీల్దార్లకు అసలు పరీక్ష అప్పుడే ఎదురైంది.

1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను హిందుస్తాన్ సామ్రాజ్ఞిగా ప్రకటించే దర్బారు జరిగింది. పదేళ్ళ మహబూబ్ అలీని వెంటబెట్టుకుని సాలార్‌జంగ్ వెళ్ళారు. అక్కడ కూడా బేరార్ మాట వదలమని ఆయన మీద ఒత్తిడి పెట్టారు. అదే ఏడాది తోటి సంరక్షకుడు చనిపోతే, ఆ స్థానంలో రషీదుద్దీన్ ఖాన్‌ను పెట్టారు. సాలార్‌జంగ్‌కు, ఆయనకు పడదని అందరికీ తెలుసు. వద్దని దివాన్ మొత్తుకున్నా వైస్రాయ్ వినలేదు. బేరార్ అడిగినందుకు కట్టిన జరిమానా అదేనని హైదరాబాద్‌లో చాలామందికి అర్థమైంది.

1878లో సాలిస్‌బరీ నుంచి ఆఖరి జవాబు వచ్చింది. నిజాం మైనరుగా ఉన్నంతకాలం ఈ విషయం ఎత్తడానికి వీల్లేదని దాని సారాంశం. కాలు విరిగినా ఆగకుండా వెళ్ళి తట్టిన తలుపు అలా మూసుకుంది. 1881లో రషీదుద్దీన్ ఖాన్ చనిపోయాక సాలార్‌జంగ్ ఒక్కరే సంరక్షకుడిగా మిగిలారు. పిల్లవాడికి చదువు చెప్పించడం, ఖజానా నింపడం, శాఖలను గట్టిపరచడం, ఇదే ఆయన పని అయింది.

యూరప్ మేహ్మాన్ వచ్చిన రోజు

1883 ఫిబ్రవరిలో యూరప్ నుంచి ఒక మేహ్మాన్ హైదరాబాద్ వచ్చాడు. జర్మనీలోని మెక్లెన్‌బర్గ్ రాజవంశపు డ్యూక్. ఏడేళ్ళ కిందట రోమ్‌లో, పారిస్‌లో, లండన్‌లో తనకు జరిగిన మర్యాదలు గుర్తున్న మనిషి మేహ్మాన్‌నవాజీలో లోటు చేస్తారా? ముత్తాత కట్టించిన మీర్ ఆలం చెరువులో అతిథిని పడవ షికారుకు తీసుకెళ్ళారు. ఆ రాత్రే కలరా సోకింది. ఫిబ్రవరి 8న కన్నుమూశారు. వయసు యాభై నాలుగు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. పాతబస్తీలోని దాయరా మీర్ మోమిన్ కబ్రస్తాన్‌లో ఖాందాన్ పెద్దల పక్కనే ఆయన్ని ఖననం చేశారు.

ఏడాది తిరగకముందే, 1884 ఫిబ్రవరిలో, మహబూబ్ అలీ ఖాన్ పూర్తి అధికారాలతో గద్దెనెక్కారు. అప్పుల్లో మునిగిన ఖజానాతో మొదలైన రాజ్యం జిల్లాలు, అదాలతులు, రైలు, మద్రసాలతో ఆ యువకుడి చేతికి వచ్చింది. కొత్త దివాన్‌గా సాలార్‌జంగ్ కొడుకు మీర్ లాయఖ్ అలీని పెట్టుకున్నారు. దఫ్తర్లలో ఫార్సీ పోయి ఉర్దూ వచ్చింది కూడా ఆ కాలంలోనే. పసివాడి రాజ్యం అనే అమానత్‌ను సాలార్‌జంగ్ కాపాడి పెట్టారు. ఇంగ్లిష్ వారి దగ్గరున్న అమానత్ మాత్రం తిరిగి రాలేదు. 1902లో వైస్రాయ్ కర్జన్, ఏడాదికి 25 లక్షల రూపాయల కౌలు మీద బేరార్‌ను శాశ్వతంగా రాయించుకున్నాడు. మైనరుగా ఉన్నప్పుడు మాట్లాడటానికి వీల్లేదన్నవాళ్ళు, నిజాం పెద్దవాడయ్యాక ఆయన చేతనే సంతకం పెట్టించుకున్నారు.

సాలార్‌జంగ్ మనవడు మీర్ యూసుఫ్ అలీ ఖాన్, అంటే మూడో సాలార్‌జంగ్, పెళ్ళి కూడా చేసుకోకుండా జీవితమంతా కళాఖండాలు పోగుచేశారు. 1949లో ఆయన పోయాక, 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలో మ్యూజియం తెరిచారు. 1968లో అది మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలోకి మారింది. తాత రోమ్‌లో కొన్న రెబెక్కా ఆ భవనంలో ఇప్పటికీ ముసుగు వేసుకుని నిలబడి ఉంది. ఈసారి సెలవుల్లో పిల్లలతో వెళ్ళినప్పుడు, ఆ విగ్రహం ముందు రెండు నిమిషాలు ఎక్కువ ఆగి, దాన్ని తెచ్చిన దివాన్ ఏం అడగడానికి అంత దూరం వెళ్ళారో కూడా వాళ్ళకు చెప్పవచ్చు.